నలుసు ఎంత లోతున కరిగింది?

ఆషాఢ శ్రావణాల్లో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. ధవళేశ్వరం గేట్లు దాటిన ఆ వరద పాయలుగా చీలి అంతర్వేది దగ్గరా, యానాం దిగువనా బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇన్ని టీఎంసీలు సముద్రం పాలయ్యాయని మర్నాడు పత్రికల్లో లెక్క వస్తుంది. నీటితో పాటు కోట్ల టన్నుల ఒండ్రు కూడా సముద్రం పాలవుతుంది గాని, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ ఒండ్రులోని సన్నని రేణువులు ఒడ్డుకు దూరంగా కొట్టుకుపోయి, నీళ్లలో తేలాడే జీవపదార్థానికి అంటుకుని, దాన్ని వేల మీటర్ల లోతుకు దించుతాయి. గాలిలో ఉండవలసిన కార్బన్ కొంత అలా శతాబ్దాల పాటు అడుగున ఉండిపోతుంది. ప్రపంచమంతటా సముద్రాల్లో రాత్రీ పగలూ ఆగకుండా సాగే ఒక పెద్ద వ్యవహారంలో ఇది మన తీరం భాగం. సముద్రం ఎంత కార్బన్‌ని పీల్చుకుంటుందని అందరూ అడుగుతారు. పీల్చుకున్నదాన్ని ఎంత లోతున విడిచిపెడుతుందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. వాతావరణం సంగతి తేల్చేది ఈ రెండో ప్రశ్నేనని ఈ వ్యాసం వాదన.

ముందుగా పైపొర సంగతి చూద్దాం. వెలుతురు చొరబడే మొదటి వంద, రెండు వందల మీటర్ల నీటిలో కంటికి కనిపించని వృక్షప్లవకాలు బతుకుతాయి. చెట్టు ఆకు చేసే పనే ఇవీ చేస్తాయి: నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ని ఎండ సాయంతో ఒంట్లో కలుపుకుంటాయి. ఏటా ఇవి కట్టే కార్బన్ సుమారు 5,000 కోట్ల టన్నులు. భూమి మీది అడవులు, పొలాలు, గడ్డిమైదానాలు అన్నీ కలిసి చేసే పనికి దాదాపు సమానం. అయితే చెట్టుకీ ప్లవకానికీ ఒక పెద్ద తేడా ఉంది. టేకు చెట్టు తాను కట్టిన కార్బన్‌ని దశాబ్దాల తరబడి మానులో దాచుకుంటుంది. ప్లవకం ఆయుష్షు కొద్ది రోజులే. పుట్టినచోటే చచ్చి, కుళ్లి, కట్టిన కార్బన్‌ని తిరిగి నీటికి ఇచ్చేస్తే, అది మళ్లీ గాలిలోకి పోవడానికి ఎక్కువ కాలం పట్టదు. పైపొరలో తయారయ్యే కార్బన్‌లో అధికభాగం గతి ఇదే. అందులోంచి తప్పించుకుని వెలుతురు పొర దాటి కిందికి జారేది ఏటా దాదాపు 1,000 కోట్ల టన్నులు. అంచనాలు అటూ ఇటూ ఉన్నా, కట్టినదాంట్లో అయిదో వంతుకు మించదు. మన కథ ఈ అయిదో వంతుదే.

ఒంటరి ప్లవకం తనంతట తాను మునగదు. దాని బరువు నీటి బరువుకు చాలా దగ్గర. అందుకే రోజుకు ఒక మీటరు దిగడం కూడా దానికి కష్టం. అడుగుకు చేరేలోగా వందసార్లు కుళ్లిపోతుంది. అది దిగాలంటే నలుగురితో కలవాలి. ప్లవకాలు, సూక్ష్మజీవులు ఒక రకం జిగురును నీటిలోకి విడుస్తాయి. ఆ జిగురుకు చచ్చిన కణాలు, విరిగిన పెంకులు, దుమ్ము, బ్యాక్టీరియా అన్నీ అతుక్కుని మిల్లీమీటరు, అంతకన్నా పెద్ద నలుసులవుతాయి. ఇంకో దారి ఆకలిది. కోపిపోడ్‌ల వంటి జంతుప్లవకాలు ఈ ఆకుపచ్చ కణాలను మేసి, జీర్ణం కానిదాన్ని గట్టి గుళికలుగా విసర్జిస్తాయి. వదులుగా ఉన్న నలుసు రోజుకు పదుల మీటర్ల నుంచి వంద మీటర్ల దాకా దిగితే, బిగువైన మలగుళిక అంతకన్నా వేగంగా పోతుంది. జెల్లీలాగా ఉండే సాల్ప్ అనే జంతువు గుళికలైతే ఒక్క రోజులో వందల మీటర్లు దిగిపోతాయి. 1950ల మొదట్లో హొక్కైడో విశ్వవిద్యాలయానికి చెందిన సుజుకి, కటో అనే శాస్త్రవేత్తలు నీటిలోకి దింపిన పరిశీలన గదిలోంచి ఈ నలుసులు రాలడం చూసి దానికి సాగర హిమం అని పేరు పెట్టారు. మంచు కురిసే నేలవాళ్లకు అది మంచులా తోచింది. మన కంటికైతే గాలి కదిలినప్పుడు రాలే వేపపూతలా ఉంటుంది: ఆగదు, చప్పుడు చేయదు, కింద ఎంత పడిందో ఊడ్చి చూస్తే గాని తెలియదు.

ఊడ్చి చూడటానికి శాస్త్రవేత్తలు వాడే సాధనం పెద్ద గరాటు. సముద్రపు అడుగున లంగరు వేసి, ఎంచుకున్న లోతులో దాన్ని నిలబెడతారు. గరాటు కింద సీసాల చక్రం ఉంటుంది; రోజులు గడిచేకొద్దీ ఒక్కో సీసా గరాటు మూతి కిందికి వస్తుంది. ఏడాది తరువాత పైకి తీస్తే ఏ నెలలో ఎంత రాలిందో సీసాల్లో కనబడుతుంది. లంగరు లేకుండా నీటితో పాటు తేలే ఇలాంటి సాధనాలను ఈశాన్య పసిఫిక్‌లో వేర్వేరు లోతుల్లో ఉంచి జాన్ మార్టిన్ బృందం 1987లో ఒక సూత్రం ప్రకటించింది. దాని ప్రకారం వంద మీటర్ల దగ్గర వంద పాళ్ల కార్బన్ దిగుతుంటే, వెయ్యి మీటర్ల దగ్గరికి 14 పాళ్లు మిగులుతాయి. నాలుగు వేల మీటర్ల అడుగుకు చేరేది 4 పాళ్లే. మిగతాది దారిలోనే బ్యాక్టీరియా కుళ్లబెట్టేస్తుంది, జంతువులు తినేస్తాయి. తినేది ఎవరైనా, ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ఆ కార్బన్ మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా నీటిలో కలుస్తుంది. నలుసు చిట్లిపోవడం కూడా చిన్న కారణం కాదు. తమంతట తాము పైకీ కిందికీ తిరిగే యాంత్రిక తేలుడు పరికరాలు పంపిన కొలతలతో 2020లో వెలువడిన ఒక పరిశోధన, మధ్యలోతుల్లో జరిగే నష్టంలో దాదాపు సగానికి పెద్ద నలుసులు చిన్న తునకలవడమే కారణమని చూపింది. తునకైన నలుసు వేగం కోల్పోతుంది. వేగం పోయినది బ్యాక్టీరియాకు చిక్కుతుంది.

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం రావాలి. నూటికి 96 పాళ్లు దారిలోనే కరిగిపోతే ఇక సముద్రం దాచింది ఏముంది? మట్టిలో శాశ్వతంగా పూడిపోయేది ఏటా 20 కోట్ల టన్నుల మాటే కదా! ఈ ఆక్షేపణలో అంకెలు సరైనవే, ముగింపు తప్పు. కార్బన్ గాలికి దూరంగా ఉండాలంటే మట్టిలో పూడనక్కరలేదు, లోతు నీటిలో కరిగినా చాలు. వంద మీటర్ల దగ్గర కరిగిన కార్బన్‌ని వచ్చే శీతకాలపు గాలులు నీటిని కలియబెట్టి పైకి తెచ్చేస్తాయి. అయిదు వందల మీటర్ల దగ్గర కరిగితే పైకి రావడానికి దశాబ్దాలు పడుతుంది. వెయ్యి మీటర్లు దాటాక కరిగితే వందల ఏళ్లు. ఉత్తర పసిఫిక్ లోతుల్లో ఉన్న నీరు గాలిని చూసి వెయ్యేళ్లు దాటింది. పైపొరలో కరిగినది చేబదులు లాంటిది, రేపో మాపో తిరిగి ఇచ్చేయాలి. లోతున కరిగినది మునిమనవళ్ల పేరు మీద వేసిన డిపాజిట్. రెండూ కరగడమే అయినా వాతావరణానికి రెండూ ఒకటి కావు. సముద్రపు నీటిలో మొత్తం మీద కరిగి ఉన్న కార్బన్ సుమారు 38 లక్షల కోట్ల టన్నులు. గాలిలో ఉన్నదానికి 40 రెట్ల పైమాట. అందులో అడుగున అదనంగా పేరుకున్నదాంట్లో పెద్దభాగం ఇలా దిగి కరిగిన నలుసుల పుణ్యమే. ఈ నలుసుల వాన ఆగిపోతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 150 నుంచి 200 పాళ్ల దాకా పెరుగుతుందని నమూనాలు చెబుతున్నాయి. పరిశ్రమలు పుట్టకముందు గాలిలో ఉన్నదే 280 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది.

లోతులో కొద్దిపాటి మార్పు ఎంత తేడా తెస్తుందో ఒక లెక్క చెబుతుంది. 2009లో క్వాన్, ప్రిమో, సార్మియెంటో అనే శాస్త్రవేత్తలు సముద్ర నమూనాలో ఒకే ఒక్క మార్పు చేసి చూశారు. దిగే కార్బన్‌లో 63 శాతం కరిగిపోయే లోతును ప్రపంచమంతటా 24 మీటర్లు కిందికి జరిపారు. ఎనిమిది అంతస్తుల భవనం ఎత్తంత మార్పు; సగటు లోతు మూడున్నర వేల మీటర్లు దాటిన సముద్రంలో అది లెక్కలోకి రాదనిపిస్తుంది. కాని ఆ మార్పుకే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకు 10 నుంచి 27 పాళ్లు తగ్గింది. ఇప్పుడు మనం కాలుస్తున్న బొగ్గు, పెట్రోలు వల్ల గాలిలో నాలుగేళ్ల నుంచి పదేళ్లకు పైగా పెరిగే మొత్తం అది. ఒక్క ప్లవకం కూడా అదనంగా పుట్టనవసరం లేకుండా, ఉన్న నలుసులు మరికాస్త లోతున కరిగితే చాలు. ఇదే లెక్క వెనక్కి తిప్పితే భయం కలిగించేదవుతుంది. నలుసులు మరికాస్త పైనే కరగడం మొదలైతే, సముద్రం దాచినది గాలికి తిరిగి రావడం మొదలవుతుంది.

నలుసును లోతుకు దించేదేమిటి? దీనికి జవాబు వెతికినవారికి బంగాళాఖాతం మంచి పాఠశాల అయింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని హాంబుర్గ్ విశ్వవిద్యాలయం కలిసి 1986లో అరేబియా సముద్రంలో, మరుసటి ఏడాది బంగాళాఖాతంలో గరాట్లు దింపాయి. అరేబియా సముద్రంలో ఋతుపవనాల గాలికి అడుగునీరు పైకి తన్నుకొచ్చి పోషకాలు తెస్తుంది కనుక ప్లవకాల పంట సమృద్ధి. బంగాళాఖాతంలో నదుల మంచినీరు ఉప్పునీటి మీద మూతలా పరుచుకుని అడుగునీటిని పైకి రానివ్వదు, పంట పలచన. కాబట్టి లోతుకు దిగే కార్బన్ కూడా పలచనగా ఉండాలి. సీసాలు వేరే మాట చెప్పాయి. బంగాళాఖాతపు లోతుల్లో రాలిన కార్బన్ అరేబియా సముద్రానికి ఏమాత్రం తీసిపోలేదు. నదులకు వరదలొచ్చే నెలల్లోనే అది హెచ్చింది. వేణుగోపాలన్ ఇట్టెక్కోట్, సహచరులు 1991లో నేచర్ పత్రికలో ఈ ఫలితాలు ప్రకటిస్తూ నదులు తెచ్చే మంచినీటికీ మట్టికీ ఈ హెచ్చుతో సంబంధం ఉందని చూపారు. బరువుల లెక్క దీన్ని బలపరుస్తుంది. ఉత్త జీవపదార్థం నీటికన్నా ఏ కొద్దిగానో బరువు. డయాటమ్‌లనే ప్లవకాల గాజు పెంకు నీటికి రెండింతల బరువు, సున్నపు పెంకులూ ఒండ్రు రేణువులూ రెండున్నర రెట్లు. గాలం తీగకు సీసపు బిళ్ల కట్టినట్టు, ఈ రేణువులు నలుసును గబగబా కిందికి లాగుతాయి. బ్యాక్టీరియా తినేలోపు అది వాటి పొలిమేర దాటిపోతుంది.

దీన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు, వారి మాట వినదగింది. ఖనిజమూ కార్బన్ కలిసి దిగుతున్నాయన్నంత మాత్రాన ఖనిజమే కార్బన్‌ని మోస్తోందని ఎలా అంటారని వారు అడుగుతారు. మరీ సన్నని రేణువులు తమంతట తాము దిగలేవు; జిగురు నలుసే దారిలో వాటిని ఊడ్చుకుపోతోందేమో. పైగా మట్టి మరీ ఎక్కువైతే నలుసు చిట్లి చిన్నదవుతుందని ప్రయోగశాలల్లో తేలింది. ఈ ఆక్షేపణ వల్ల సూత్రం కొట్టుకుపోదు, దాని రూపం మారుతుంది. జిగురు లేని మట్టి నీళ్లలో తేలుతుంది, మట్టి లేని జిగురు దారిలో కుళ్లుతుంది; రెండూ తగుపాళ్లలో కలిసినప్పుడే దూరం దిగుతుంది. మట్టి మోసినా, జిగురు మోసినా, లోతుకు చేరింది ఆ రెండిటి కలయికే. బంగాళాఖాతం ప్రాణవాయువు దీనికి ఇంకో సాక్ష్యం. సుమారు వంద మీటర్ల దిగువ నుంచి కొన్ని వందల మీటర్ల దాకా ఇక్కడి నీటిలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. అరేబియా సముద్రంలో ఆ పొర నడుమ అది పూర్తిగా అడుగంటి, బ్యాక్టీరియా నత్రజని లవణాలను కొల్లగొడుతుంది. బంగాళాఖాతంలో మాత్రం అతి సూక్ష్మమైన జాడ ఇంకా మిగిలి ఉందని 2017లో వెలువడిన కొలతలు చూపాయి. నలుసులు ఆ పొరలో ఆగి కుళ్లకుండా త్వరగా దాటిపోవడమే ఆ జాడ మిగలడానికి ఒక ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు వివరిస్తున్నారు. వేగం కాస్త తగ్గితే ఆ చివరి ఊపిరి కూడా పోతుంది.

అంతా చేసి ఇది పాత కథ కదా అని మరొక ఆక్షేపణ ఉంది. మనం వదిలే కార్బన్‌లో నాలుగో వంతు సముద్రం పీల్చుకుంటున్నది నిజమే గాని, అది ఎక్కువగా రసాయన చర్య వల్ల, నీటి ప్రవాహాల వల్ల జరుగుతోంది. నలుసుల వాన మనిషి పుట్టకముందు నుంచీ ఉంది, అది అదనంగా ఏమీ చేయడం లేదు. అయితే దానికోసం ఆందోళన ఎందుకు? మాట వాస్తవం. చెరువు గట్టు కూడా కొత్తగా నీరు తేదు, ఉన్న నీటిని ఆపుతుంది. అందుకని గట్టుకు పడిన గండిని చూస్తూ ఊరుకునే రైతు ఉండడు. ఈ గట్టును బలహీనపరిచే పని ఇప్పుడు జరుగుతోంది. నీరు వేడెక్కితే బ్యాక్టీరియా ఆకలి పెరుగుతుంది, నలుసు ఇంకా పైనే కరుగుతుంది. వెచ్చని సముద్రాల్లో నలుసులు పైలోతుల్లోనే కరుగుతున్నాయనీ, చల్లని సముద్రాల్లో లోతుకు చేరుతున్నాయనీ గరాట్ల కొలతలు చూపాయి. వేడెక్కిన పైపొర అడుగునీటితో కలవడం మానేస్తే పోషకాలు తగ్గి, బరువైన డయాటమ్‌ల చోట చిన్న చిన్న ప్లవకాలు పెరుగుతాయి. వాటి నలుసులు తేలిక.

పుట్టించడం తేలిక, దించడమే కష్టం అన్నదానికి దక్షిణ మహాసముద్రంలో చేసిన రెండు ప్రయోగాల కన్నా స్పష్టమైన రుజువు లేదు. అక్కడి నీటిలో పోషకాలున్నా ఇనుము కొరత వల్ల ప్లవకాలు ఎదగవని చెప్పినవాడు ఆ జాన్ మార్టినే. ఇనుము చల్లితే పంట పండి, కార్బన్ దిగిపోతుందన్న ఆశ అప్పటి నుంచి ఉంది. 2004లో ఐఫెక్స్ అనే ప్రయోగంలో పోలార్‌స్టెర్న్ నౌక ఒక సుడి నడుమ ఇనుము కలిపింది. గాజు పెంకుల డయాటమ్‌లు విరగబడి పెరిగి, గుంపులు కట్టి చచ్చి, ఆ పంటలో కనీసం సగం వెయ్యి మీటర్ల దిగువకు దిగింది. 2009లో అదే నౌక మీద భారత, జర్మన్ శాస్త్రవేత్తలు కలిసి లోహాఫెక్స్ ప్రయోగం చేశారు. గోవా సంస్థకు చెందిన నక్వీ, జర్మనీకి చెందిన స్మెటాచెక్ దానికి నాయకులు. 300 చదరపు కిలోమీటర్ల నీటిలో ఇనుము కలిపారు. ప్లవకాలు పెరిగాయి గాని అక్కడి నీటిలో అప్పటికే సిలికా అయిపోయింది, పెంకు కట్టుకునే పదార్థం లేక డయాటమ్‌లు రాలేదు. వచ్చిన మెత్తని ప్లవకాలను కోపిపోడ్‌లు మేశాయి, కోపిపోడ్‌లను వాటికన్నా పెద్ద జీవులు తిన్నాయి. లోతుకు దిగింది అత్యల్పం. చల్లింది ఒకే ఇనుము, పండిందీ కార్బనే, ఫలితాలు రెండు ధ్రువాలు. కనుక సముద్రంలో ఏదో చల్లి ఇంత కార్బన్ దాచామని ఎవరైనా చెబితే, పైన ఎంత పచ్చదనం వచ్చిందన్న ఉపగ్రహ చిత్రం రుజువుగా చెల్లదు. ఏ లోతులో ఎంత దిగింది, అక్కడ ఎన్నేళ్లుంటుంది అని అడగాలి. శాస్త్రీయ పరిశోధనకు తప్ప మరే పనికీ ఇలా ఇనుము చల్లకూడదని, సముద్రంలో వ్యర్థాలు పారబోయడాన్ని నియంత్రించే లండన్ ఒప్పందపు దేశాలు 2008లో తీర్మానించడం సబబైన పని.

ఇదే చూపుతో మన నదుల వైపు తిరిగితే ఒండ్రు విలువ కొత్తగా కనిపిస్తుంది. గంగా బ్రహ్మపుత్రలు హిమాలయాల నుంచి ఏటా వంద కోట్ల టన్నుల మట్టిని తెస్తాయి. అది సముద్రపు అడుగున మూడు వేల కిలోమీటర్ల పొడవున పరుచుకుని ప్రపంచంలోకెల్లా పెద్ద ఒండ్రుమేట అయింది. ఆకులు, మట్టిలోని జీవపదార్థం, చివరికి కర్రముక్కలు కూడా ఆ మేటలో పూడి కార్బన్‌ని లక్షల ఏళ్లు దాస్తున్నాయి. గోదావరి పరిస్థితి వేరు. 1970ల్లో ఏటా 15 కోట్ల టన్నుల దాకా ఒండ్రు తెచ్చిన ఈ నది, 1990ల నాటికి 6 కోట్ల టన్నుల లోపుకు దిగిపోయింది. ఆనకట్టలు, జలాశయాలు పట్టేసిన ఆ మట్టి వల్ల డెల్టా అంచులు కోసుకుపోతున్నాయని ఆంధ్రప్రాంతపు భూగోళ శాస్త్రజ్ఞులు ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నారు. ఆనకట్టలు లేకపోతే కోనసీమ, కృష్ణా డెల్టాల అన్నం లేదు. వాటిని తప్పుపట్టడం ఈ వాదన ఉద్దేశం కాదు. జలాశయపు అడుగున పూడిన మట్టీ కొంత కార్బన్‌ని దాస్తుంది. కాని నది సముద్రానికి పంపేది నీరొక్కటే అనుకుని లెక్కలు కట్టడం ఇక చాలదు. పూడికను కిందికి వదలడం, వరదలో కొంత భాగాన్ని సముద్రానికి పోనివ్వడం డెల్టాను కాపాడటానికి ఎంత అవసరమో, తీరం దాటిన ఆ మట్టి లోతుల్లో చేసే పనిని కొలవడమూ అంతే అవసరం.

కొలిచే సాధనాలు మనకు దూరంగా లేవు. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం హిందూ మహాసముద్రంలో తిరిగే ఆర్గో తేలుడు పరికరాల సమాచారాన్ని సేకరిస్తోంది. అవి పది రోజులకొకసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకి వచ్చి ఉపగ్రహానికి కబురు పంపుతాయి. వేడి, ఉప్పు కొలిచే పరికరాలతో పాటు ఆక్సిజన్, నలుసులు, ఆకుపచ్చదనం కొలిచే పరికరాల సంఖ్యా బంగాళాఖాతంలో పెరగాలి. గరాట్లు ఏళ్ల తరబడి అంతరాయం లేకుండా నిలవాలి. ఇది ఖర్చుతో కూడిన, ఓపిక కావలసిన పని. చేసినవారికి పేరు రావడానికి దశాబ్దాలు పడుతుంది. అయినా చేయాలి. సముద్రం మన తరఫున దాచిన కార్బన్ మన కంటికి కనిపించని లోతున ఉంది, అది ఏ లోతున కరుగుతోందో తెలుసుకోకుండా దాన్ని కాపాడలేం. వచ్చే శ్రావణంలో ఇన్ని టీఎంసీలు సముద్రం పాలయ్యాయన్న వార్త చదివినప్పుడు ఎర్రనీటిలో ఎరుపు ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ మట్టి రేణువు ప్రయాణం మన తీరం దగ్గర ముగియదు, అక్కడి నుంచి ఇంకా మూడు వేల మీటర్లు కిందికి ఉంది.